ఆఖరి నిమిషం టికెట్టుకు అంత ధర ఎందుకు?

పోయిన నెల ఒక రాత్రి తొమ్మిది గంటలకు విశాఖ నుంచి మామయ్య ఫోన్ చేశాడు. అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదట. రైలెక్కితే పదమూడు, పద్నాలుగు గంటలు. తెల్లవారి మొదటి విమానానికి అమ్మను పంపుదామని నాన్న చూస్తే టికెట్టు రూ. 9,400. వేసవి సెలవులకు అదే చెన్నై–విశాఖ టికెట్టును నెలన్నర ముందు రూ. 3,200కి కొన్నాం. "పెట్రోలు రేటు పెరిగినట్టుంది" అంటూ నాన్న కొనేశారు. అమ్మమ్మ కోలుకుంది. నాన్న మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది. నిజంగా ఇంధనమేనా కారణం? చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

విమానంలో పోసేది పెట్రోలు కాదు, ఏటీఎఫ్. బాగా శుద్ధి చేసిన కిరసనాయిలు అనుకోవచ్చు. మన దేశంలో విమాన సంస్థల ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. చమురు కంపెనీలు ప్రతి నెలా ఒకటో తేదీన దీని ధర సవరిస్తాయి. దీనిమీద జీఎస్టీ లేదు, రాష్ట్రాలు వ్యాట్ వేస్తాయి. 2022 నాటికి అది తమిళనాడులో 29 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 1 శాతం! అందుకే చవకగా దొరికే ఊళ్లో కాస్త ఎక్కువ నింపుకునే అలవాటు కూడా ఉంది. కాని బరువు పెరిగితే ఇంధనం ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి దానికీ ఒక హద్దుంది.

ఇంతవరకు నాన్న మాట సబబే. అయితే ఒక్కటి ఆలోచించండి. నెలన్నర ముందు టికెట్టు కొన్నవాళ్లూ, ముందురాత్రి కొన్న అమ్మా వెళ్లింది ఒకే విమానంలో, ఒకే ఇంధనంతో. మరి మూడు రెట్ల తేడా ఎక్కడిది?

ఒకే తరగతి సీట్లన్నిటికీ విమాన సంస్థ ఒకే ధర పెట్టదు. మెట్లు మెట్లుగా పెడుతుంది. అడుగుమెట్టులో కొన్ని సీట్లు చవక. అవి అయిపోగానే పై మెట్టు ధర. ఏ మెట్టులో ఎన్ని సీట్లు ఉంచాలో గత ప్రయాణాల లెక్కలు చూసి కంప్యూటరు మారుస్తూ ఉంటుంది. సంక్రాంతికి ముందు అడుగుమెట్టు సీట్లు ఎప్పుడయిపోతాయో కూడా తెలియదు.

ఇక్కడ నాకో సందేహం వచ్చింది. పానగల్ పార్కు దగ్గర పూలమ్మే ఆమె పొద్దుపోయేకొద్దీ మల్లెపూల ధర తగ్గిస్తుంది, మర్నాటికి వాడిపోతాయి గనక. విమానం ఎగిరాక ఖాళీ సీటూ అంతే. అమ్మ పక్క సీటు ఖాళీగానే ఉందట! అయినా ఎందుకు తగ్గించరు? రోజూ ఆఖర్న తగ్గిస్తే అందరూ ఆఖరిదాకా ఆగుతారు. పైగా మల్లెపూలు లేకపోయినా సాయంత్రం గడుస్తుంది. ముందురాత్రి టికెట్టు కొనేవాళ్లు వెళ్లక తప్పనివాళ్లు. ఆ అవసరానికే ఆ ధర.

మరి ఇంధనం పాత్ర ఏమిటి? దాని ధర పెరిగితే మెట్లన్నీ కొంచెం పైకి జరుగుతాయి. లేదా లాభం లేని సర్వీసులు తగ్గిస్తారు, అప్పుడు చవక సీట్లు ఇంకా త్వరగా అయిపోతాయి. ఆ మెట్లలో మనం ఎక్కడ నిలబడతామో తేల్చేది మాత్రం మనం కొనే సమయమే.

మనకు పనికొచ్చేవి రెండు మాటలు. నలుగురికి కలిపి వెతికితే, చవక సీట్లు రెండే మిగిలి ఉన్నప్పుడు చాలాసార్లు నలుగురికీ పై ధరే చూపిస్తుంది. ఒక్కరికి విడిగా వెతికి చూడండి. కొన్ని సంస్థలు విద్యార్థులకు రాయితీ ఇస్తాయి, కాలేజీ ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి.

కాని జబ్బూ చావూ నెలన్నర ముందు చెప్పిరావు కదా. కోవిడ్ కాలంలో, 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా, ప్రభుత్వం ఛార్జీలకు హద్దులు పెట్టింది. ఎప్పుడూ అలాగే ఉంచితే సీట్లన్నీ ముందే అయిపోయి, అమ్మలాంటి వాళ్లకు అసలు దొరకకపోవచ్చు, అది నిజమే. అయినా ఆసుపత్రికి పరుగెత్తే మనిషి అందరికన్నా ఎక్కువ కట్టాల్సి రావడం నాకు న్యాయంగా తోచడం లేదు. మీరేమంటారు? వచ్చే సంచికకు రాయండి.