ఆలుమగలు వ్రాసికొనిన అప్పుల పట్టిక

పైరు ఎండిన యేట గూడ పండునది వడ్డీ యొక్కటియే. ఈ సంగతి మన సభ్యులకు క్రొత్త కాదు. అయినను మన యిండ్లలో ధాన్యమునకున్న లెక్క అప్పులకు లేదు. ఎవరికెంత యీయవలెనో యజమాని మనస్సులోనే యుండును, ఇల్లాలికి తెలియదు. తెలిసిన పిమ్మట ఏమి చేయవచ్చునో ఒక దంపతుల యనుభవమువలన గ్రహింతము. వారి పేర్లు వ్రాయుట మాకు ఉచితముగా తోచలేదు.

వారిది మెట్టసేద్యము, వేరుసెనగ పంట. రెండు బోరుబావులు త్రవ్వింపగా రెంటను నీరు పడలేదు. పిదప ఆసుపత్రి ఖర్చు వచ్చినది. భర్త ఇంటిలో చెప్పక అప్పులు చేసెను. పాలడబ్బు తవుడుకు, చెక్కకు పోవుచున్నదని భార్య నమ్మియుండెను. అది నెలనెలా వడ్డీకి పోవుచుండెను. ఒక నెల వడ్డీ తప్పగా వ్యాపారి మనిషి వాకిట నిలిచి కేకలు వేసెను. ఆనాడు ఆమెకు తెలిసినది.

రెండు దినములు ఇంటిలో మాటలు లేవు. మూడవ రాత్రి ఆమె పిల్లవాని నోటుపుస్తకము తెచ్చి, “అన్నియు చెప్పండి. ఒక్కటియు దాచవద్దు” అనెను. పట్టిక యిట్లు తేలినది: వడ్డీవ్యాపారికి 1,20,000 రూపాయలు, నెలకు నూటికి 3 వడ్డీ, ఎరువుల దుకాణమునకు 40,000, నెలకు నూటికి 2, మా సంఘమున పంటఋణము 90,000, ఆమె అన్నకు 50,000, వడ్డీ లేదు. మొత్తము 3 లక్షలు.

ఏటి వడ్డీ కట్టి చూడగా వ్యాపారికి 43,200, దుకాణమునకు 9,600, సంఘమునకు గడువులో చెల్లించినచో 3,600. వ్యాపారి అసలు మొత్తములో ఐదింట రెండు వంతులే. వడ్డీలో మాత్రము నాలుగింట మూడు వంతులకు మించినది.

అయినను భర్త, బావమరదుల నడుమ మాట పోరాదని, మొదట బావ బాకీ తీర్చుదమనెను. ఆమె ఒప్పుకొనలేదు. “వడ్డీ లేని అప్పునకు మంచిమాట చాలును, వడ్డీ గలదానికి డబ్బే కావలెను” అని తానే వెంటబెట్టుకొని పోయెను. “బావా, మూడేండ్లు గడువిమ్ము” అని యడుగుట భర్తకు కష్టమైనది. కాని గడువు దొరకినది.

పిదప ఆమె చేతి గాజులు తీసియిచ్చెను. కుదువబెట్టినచో దానికి మరల వడ్డీ యగునని అమ్మిరి. వచ్చిన 70,000 నేరుగా వ్యాపారికి చెల్లించి, ప్రోనోటు వెనుక చెల్లు వేయించిరి. ఆ యేట బంధువుల పెండ్లికి ఆమె మట్టిగాజులతో పోయెను. అడిగినవారికి ఉన్నమాటయే చెప్పెను.

మిగిలినది 50,000. పూర్వము వడ్డీకే పోయిన 3,600కు ఆమె కుట్టుపనివలన వచ్చిన 1,400 చేర్చి నెలకు 5,000 కట్టిరి. పండ్రెండు నెలలకు మూడువందల చిల్లర మిగులగా, అదియు చెల్లించి ప్రోనోటు వెనుకకు తీసికొనిరి. ఆ 5,000కు దుకాణపు వడ్డీ 800 కలిపి, నెలకు 5,800 చొప్పున దుకాణము బాకీ ఎనిమిది నెలలలోను, బావ బాకీ తొమ్మిది నెలలలోను తీర్చిరి.

ఇంత యిబ్బందిలోను సంఘపు గడువు తప్పలేదు. పంట చేతికి వచ్చినప్పుడు వ్యాపారి తొందరపెట్టినను ముందుగా పంటఋణమే కట్టిరి. దానికి వడ్డీ సాలుకు నూటికి 7. గడువులో చెల్లించినవారికి ప్రభుత్వపు రాయితీవలన 4 మాత్రమే. అంతకంటె ముఖ్యము, మరుసటి కారుకు ఋణము మరల దొరకినది. తప్పియుండినచో విత్తనమునకు ఆ వ్యాపారి గడపయే గతి.

1904లో సహకార పరపతిసంఘముల చట్టము వచ్చినది ఈ గడపను తప్పించుటకే. 1938 నాటి మదరాసు రైతు ఋణవిమోచన చట్టము, అసలునకు రెట్టింపు చెల్లించియున్న రైతు బాకీ తీరినట్లే యనెను. చట్టములు పాత బాకీని తగ్గింపగలవు. ఇంటిలో దాచిన బాకీని ఏ చట్టమును చూడజాలదు.

ఇప్పుడా దంపతులు ఆ 5,800లో కొంత ప్రతినెల సంఘమున పొదుపు వేయుచున్నారు. గాజులు ఇంకను కొనలేదు. సభ్యులారా! ఈ వారమే ఒక రాత్రి భార్యాభర్తలు కూర్చుండి పట్టిక వ్రాయుడు. వడ్డీ కట్టుట తెలియనిచో ఆ కాగితము సంఘ కార్యాలయమునకు తెండు; కలిసి లెక్కింతము.