వాన, పైన్ గింజలు, చిట్టెలుక

వేసవి సెలవలు రాగానే మనవాళ్ళు చాలామంది గ్రాండ్ కాన్యన్, అటునుంచి నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ చూడటానికి బయలుదేరతారు. మేమూ వెళ్ళాం. అద్దెకు తీసుకున్న కాబిన్‌లో మంచం కింద ఎలుక పెంటికలు కనపడితే మా ఆవిడ చీపురు అందుకుంది. వద్దని ఆపాను. ఎందుకో చెప్పాలంటే 1993కి వెళ్ళాలి.

ఆ ఏడు మే నెలలో ఆ ప్రాంతంలో, ముఖ్యంగా నవాహో తెగవారిలో, నిక్షేపంలా ఉన్న యువకులు ఫ్లూ లాంటి జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, రోజుల్లోనే చనిపోయారు. అది అంతవరకూ తెలియని ఒక రకం హాంటా వైరస్ అని సీడీసీ శాస్త్రవేత్తలు కొద్ది వారాల్లోనే తేల్చారు. దాన్ని మోసేది డీర్ మౌస్ అనే చిట్టెలుక.

వైరస్ కొత్తదేం కాదు. దాచి ఉంచిన పాత నమూనాల్లోనూ అది దొరికింది. మరి ఆ ఏడే ఎందుకు విజృంభించింది?

కొన్నేళ్ళ కరువు తర్వాత, ఎల్ నీన్యో పుణ్యమా అని, 1992-93లో అక్కడ వానా మంచూ దండిగా కురిశాయి. ఎడారి పచ్చబడింది. గడ్డి గింజలు, పురుగులు, పిన్యన్ పైన్ గింజలు, ఏది చూసినా సమృద్ధే. చిట్టెలుక ఈతకి నాలుగైదు పిల్లల్ని పెట్టి, నెల తిరక్కుండా మళ్ళీ ఈతకి వస్తుంది. గుడ్లగూబలు, నక్కలు ఆ వేగంతో పెరగలేవు కదా! 1992 మేతో పోలిస్తే 1993 మేలో ఎలుకలు పదిరెట్లయ్యాయి. ఈ లెక్క తెలిసిందంటే, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వారు జబ్బు రాకముందు నుంచే అక్కడి ఎలుకల్ని పట్టి లెక్క రాస్తుండబట్టే. మన భాషలో చెప్పాలంటే, బగ్ బయటపడక ముందు నుంచే లాగులు ఉన్నాయన్నమాట.

నవాహో పెద్దలకి మాత్రం ఈ జబ్బుకీ ఎలుకకీ ఉన్న లంకె ముందే తెలుసు. ఎలుకల్ని ఇంట్లోకి రానివ్వకూడదన్నది వారి సంప్రదాయం. మన నెల్లూరు వైపు యానాదులు చేలో కన్నం చూసి లోపలి సంగతి చెప్పేస్తారు, అలాంటి ఎరుకే ఇదీనూ.

1997-98 ఎల్ నీన్యో తర్వాత కూడా కేసులు మళ్ళీ పెరిగాయి. వాన పడగానే కాదు, గింజ పండి, ఎలుక పెరిగి, ఇళ్ళల్లోకి చేరాక. అయితే తప్పంతా వానదే అనలేం. 2012లో యోసెమిటీలో పదిమందికి సోకి ముగ్గురు పోయారు. వారిలో ఎక్కువమంది దిగిన గుడారాల్లో జంట గోడల మధ్య ఖాళీలో ఎలుకలు గూళ్ళు కట్టుకున్నాయి.

ఎండిన పెంటికలు ఊడిస్తే వైరస్ దుమ్ములో కలిసి ముక్కులోకి పోతుంది. సోకినవారిలో మూడోవంతుకు పైగా బతకరు, టీకా లేదు. అందుకే తలుపులు తీసి అరగంట బయట కూర్చున్నాం. తర్వాత చేతికి తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పెంటికల మీద చల్లి, బాగా నానాక కాగితంతో తుడిచేశాం.