పేడ వాయువు తూకమెంత?

మానికతో బియ్యము కొలిచినను, ఆవాలు కొలిచినను కొలత ఒక్కటియే. గింజల సంఖ్య మాత్రము ఒక్కటి కాదు. వాయువుల తీరు వేరు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనమునందు సమాన ఘనపరిమాణముగల వాయువులన్నింటను అణువుల సంఖ్య సమానమేయని 1811లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో ప్రతిపాదించెను.

అణువులను ఒక్కొక్కటిగా లెక్కించుట అసాధ్యము. అందుచే ఇంచుమించు 6 పక్కన 23 సున్నలు చేర్చినన్ని అణువుల రాశిని ఒక మోల్ అందురు. సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఒక వాతావరణ పీడనమునందు ఏ వాయువైనను ఒక మోల్ సుమారు 22.4 లీటర్ల చోటు ఆక్రమించును. కావున లీటర్లను 22.4 చేత భాగించిన మోల్‌ల సంఖ్య తేలును.

ఈ లెక్క బడిపిల్లలకే కాదు, వంటయింటికిని పనికివచ్చును. కొల్లిపర వంటి డెల్టా గ్రామమున పాడిగల గృహస్థు గోబరు గ్యాసు ప్లాంటు నెలకొల్పెననుకొందము. దినమునకు 2 ఘనమీటర్లు, అనగా 2,000 లీటర్ల వాయువు వచ్చును. అందు మండునది మీథేను. అది నూటికి 60 పాళ్లనుకొనిన 1,200 లీటర్లు. తక్కినది చాలవరకు మండని బొగ్గుపులుసు వాయువు. 1,200ను 22.4 చేత భాగించిన 53.6 మోల్‌లు. మీథేను ఒక మోల్ 16 గ్రాములు గనుక, మొత్తము 857 గ్రాములు.

కాని ఈ లెక్కలో ఒక లోపమున్నది. మన డెల్టాలో సున్న డిగ్రీల చలి ఎక్కడిది? 30 డిగ్రీల వేడిమిలో వాయువు వ్యాకోచించి, అవే అణువులు ఎక్కువ చోటు ఆక్రమించును. కావున రెండు ఉష్ణోగ్రతలకును 273 కలిపి, 1,200ను 273 చేత గుణించి 303 చేత భాగింపవలెను. అప్పుడు 1,081 లీటర్లు, అనగా 48.3 మోల్‌లు, 772 గ్రాములు మాత్రమే. ప్లాంటు డ్రమ్ము బరువు కలిగించు అదనపు పీడనము స్వల్పమగుటచే దానిని విడిచితిమి.

ఈ భేదము చిన్నది కాదు. 14.2 కిలోల సిలిండరు ఇచ్చు వేడికి ఈ ప్లాంటు వాయువు సుమారు 17 దినములది కావలెను. సవరింపని లెక్క 15 దినములే చాలునని నమ్మించును. ఆ నమ్మకముతో సిలిండరు మానుకొనిన యింట, పొయ్యి నడుమ ఆరిపోయిన నింద గృహిణిపై పడును. తప్పు మాత్రము లెక్కది.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. 1982 నుండి అంతర్జాతీయ రసాయన సంఘము ప్రమాణ పీడనమును ఒక బారుగా నిర్ణయించినది. ఆ పీడనమున సున్న డిగ్రీల వద్ద మోల్ 22.7 లీటర్లు. ప్రశ్నలో ఏ పీడనము, ఏ ఉష్ణోగ్రత చెప్పిరో చూచిన పిమ్మటనే భాగహారము మొదలిడవలెను.