వరదకు లొంగని పిల్లర్లు

1908లో హైదరాబాద్‌లో మూసీ నది మూడు వంతెనలను మింగేసింది. మిగిలిన నాలుగో వంతెన పురానాపూల్‌కు అప్పటికే 330 ఏళ్ళు!

పురానాపూల్ మీద ఇప్పుడు కూరగాయల బేరాలు సాగుతుంటాయి. వాహనాలన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. టమాటా కుప్పల మధ్య నడిచేవాళ్ళకు కింద నది ఉందన్న ధ్యాసే ఉండదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన ఈ వంతెన, చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది.

ప్రియురాలు భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరదలోకి గుర్రాన్ని దూకించాడని, హడలిపోయిన తండ్రి వెంటనే వంతెన వేయించాడని పాతబస్తీలో చెప్పుకుంటారు. అప్పటికి ఆ యువరాజుకు పదమూడేళ్ళు ఉంటే గొప్ప! కథ మాటెలా ఉన్నా కట్టడం మాత్రం గట్టిది. పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, అందంలో ఇది పారిస్‌లోని పాంట్ న్యూఫ్ వంతెనకు దాదాపు సాటి అని రాశాడు. విచిత్రమేమిటంటే, ఆ వంతెన పని మొదలైందీ 1578లోనే.

కమాను తోస్తుంది, పిల్లర్ ఆపుతుంది

పురానాపూల్ పొడవు సుమారు 600 అడుగులు, కమానులు 22. అంటే ఒక్కో కమానుకు దాని పిల్లర్‌తో కలిపి 27 అడుగులే. ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు కట్టారు? రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, సాగదీస్తే మాత్రం పగులుతుంది. అందుకే రాతిని కమానుగా పేర్చారు. అయితే కమాను బరువును కిందికి దింపడంతో ఊరుకోదు, పక్కలకూ తోస్తుంది; వెడల్పయ్యేకొద్దీ మరింత తోస్తుంది. పిల్లర్‌కు అటూ ఇటూ ఉన్న కమానుల తోపుడు ఒకదానికొకటి సరిపోతుంది. వాటిలో ఒకటి కూలితే రెండోదాని తోపును ఒంటరిగా కాయాలి కాబట్టి పిల్లర్‌ను లావుగా కట్టేవారు.

చార్మినార్‌లోనూ ఇదే లెక్క. నాలుగు వైపులా దాదాపు 11 మీటర్ల వెడల్పున్న కమానులు. ప్రతి మూలకూ రెండు దిక్కుల నుంచి తోపుడు. పైనున్న మినారు బరువు ఆ తోపును నేలలోకి మళ్ళిస్తుంది.

ముప్పు కింది నుంచే

నదిలో నిలబడ్డ పిల్లర్‌కు పైనున్న బరువు కంటే కిందున్న నీళ్ళే పెద్ద గండం. పిల్లర్‌ను ఢీకొన్న ప్రవాహం కిందికి మళ్ళి, అడుగున సుడి తిరుగుతూ ఇసుకను తవ్వేస్తుంది. రాయి చెక్కుచెదరదు, పునాది పక్కన మాత్రం గొయ్యి పడుతుంది. వరద తీస్తుండగా అదే గొయ్యి ఒండ్రుతో పూడిపోతుంది. మర్నాడు చూసినవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. పిల్లర్లు లావయ్యేకొద్దీ నదికి దారి ఇరుకై, వాటి మధ్య నీటి వేగమూ పెరుగుతుంది. పాత వంతెనల పిల్లర్లను చాలాచోట్ల ఎగువ వైపు ముక్కులా కోసుగా కట్టింది నీటిని చీల్చడానికే.

1908 సెప్టెంబరు 28న ఆ పరీక్ష వచ్చింది. పరీవాహకంలో 221 చెరువులు తెగాయని, గరిష్ఠ ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు ఒడ్డులకూ మిగిలిన దారి పురానాపూల్ ఒక్కటే. అంతకుముందూ అది వరద దెబ్బలు తిన్నదే. 1820లో నిజాం సికిందర్ జా దానికి మరమ్మతు చేయించాడు. 1908 తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చి వరదకు కళ్ళెం వేశాయి.

కాంక్రీటు కాలంలోనూ పునాది గండం పోలేదు. 2023 అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో 20వ పిల్లర్ కుంగింది. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కమిటీ చెప్పిన కారణాల్లో పునాది కింది ఇసుక జారిపోవడం ఒకటి.

పాతబస్తీకి కొత్త పిల్లర్లు

ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. మెట్రో పిల్లర్ల మధ్య దూరం సాధారణంగా 25 నుంచి 30 మీటర్లు. ఆ జాగాలో పురానాపూల్ కమానులు మూడు పడతాయి. ఉక్కు తీగలతో బిగించిన కాంక్రీటు దూలం పక్కలకు తోయదు, కాబట్టి రోడ్డు మధ్య ఒంటి పిల్లర్ చాలు. మెహదీపట్నం వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద దుకాణాలవాళ్ళు చిరునామాగా చెప్పేది పిల్లర్ నంబరే. మెట్రో పూర్తయితే శాలిబండ, అలియాబాద్ దుకాణాల బోర్డులకూ ఆ నంబర్లు ఎక్కుతాయి.