బొమ్మే గదా!

1988 ఏప్రిల్ 16వ తేదీన జపాను సినిమాహాళ్లలో ఒకే టిక్కెట్టు మీద రెండు బొమ్మల సినిమాలు వేశారు. రెండూ ఘిబ్లీ అనే ఒకే స్టూడియోవారివి. ఒకటి మియజాకి హయావో తీసిన 'నా పొరుగు తోతోరో'. పల్లెటూరికి కాపురం మారిన ఇద్దరు అక్కచెల్లెళ్లకీ, చెట్టుతొర్రలో గుర్రుపెట్టి నిద్రపోయే ఒక బొద్దు వనదేవుడికీ కుదిరిన స్నేహం అందులో కథ. రెండోది తకహత ఇసావో తీసిన 'మిణుగురుల సమాధి'. 1945లో అమెరికా విమానాలు కోబే నగరం మీద నిప్పుబాంబులు కురిపించాక, తల్లిని పోగొట్టుకున్న 14 ఏళ్ల అన్నా, 4 ఏళ్ల చెల్లెలూ చుట్టాలింట ఇమడలేక బయటికొచ్చి, చెరువుగట్టున పాడుబడ్డ సొరంగంలో తలదాచుకుని, తిండిలేక రాలిపోతారు. అన్న రైలుస్టేషనులో ప్రాణం వదలడంతోనే సినిమా మొదలవుతుంది. చివరికి ఎవరో వచ్చి ఆదుకుంటారులే అన్న ఆశ కూడా చూసేవాడికి మిగల్చలేదు దర్శకుడు.

ఈ కథ రాసిన నొసక అకియుకి కల్పించి రాయలేదు. కోబే తగలబడిన నాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. ఆ పిమ్మట పసి చెల్లెలు తిండి చాలక పోయింది. కథలో అన్న ఉన్నంత దయగా తాను లేననీ, దొరికిన తిండి ముందు తానే తిన్నాననీ, ఆ చెల్లెలికి క్షమాపణగా 1967లో ఈ కథ రాశాననీ ఆయన దాచుకోకుండా చెప్పుకున్నాడు. నావోకి బహుమతి వచ్చింది. సినిమాగా తీస్తామని వచ్చినవాళ్లకి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఆ కాలిపోయిన నేలను మళ్లీ కట్టలేరు, ఈనాటి పిల్లలు ఆ ఆకలిని అభినయించలేరు అన్నది ఆయన అభ్యంతరం. తీరా ఆయన ఒప్పుకున్నది బొమ్మలకి! తకహత సంగతి చూద్దామా అంటే, ఆయన తొమ్మిదేళ్ల వయస్సులో ఒకయామా పట్టణం మీద పడ్డ బాంబుల కింద పరుగెత్తి బతికి బయటపడ్డవాడు.

ఇంత బరువు మోసిన సినిమాని, "అది కార్టూనండీ, పిల్లలది" అని ఒక్కమాటలో తేల్చేసే పెద్దలు నాకు చాలామంది తెలుసు. మా కాలేజీ స్టాఫ్‌రూములో కామర్సు చెప్పే మిత్రుడొకాయన, "ఈ వయస్సులో ఇదేం పిచ్చి మాస్టారూ! ఆంధ్ర మహాభారతం పాఠం చెప్పే మనిషి కార్టూన్లు చూస్తారా?" అని నలుగురిలోనూ నవ్వాడు. ఆయనొక్కడి మాటే అయితే వదిలేద్దును. లోకంలో పెద్దల్లో సగంమంది మాట అదే. అందుకే ఆ అభిప్రాయం ఎక్కడ పుట్టిందో తవ్విచూడాలనిపించింది.

ముందు మాట సంగతి. (తెలుగు పంతులికి ఈ జబ్బు తప్పదు.) కార్టూను అన్నది ఇటాలియను భాషలో దళసరి కాగితానికున్న పేరునుంచి వచ్చింది. గోడమీద చిత్రం వేసేముందు చిత్రకారులు ఆ అట్టమీద నమూనా గీసుకునేవారు. 1843లో లండను 'పంచ్' పత్రిక రాజకీయాల మీద వేసిన వెక్కిరింత బొమ్మలకి ఆ పేరు తగిలించింది. అంటే మొదట్నించీ అది పెద్దవాళ్ల సరుకే. మన వారపత్రికల్లో కూడా కార్టూను అంటే మొగుడూ పెళ్లాల మీదా, మంత్రుల మీదా వేసేదే గాని, పలకా బలపం వాళ్లకి వేసేది కాదు గదా! ఇక అనిమే అన్నది జపానువారు యానిమేషన్ అన్న ఇంగ్లీషు మాటని కురచ చేసుకున్న రూపం. వాళ్లకి మిక్కీమౌసు కూడా అనిమేయే. జపానులో తయారైనదాన్ని మాత్రమే అనిమే అనడం బయటివాళ్ల అలవాటు.

కదిలే బొమ్మలు కూడా అంతే. 1918లో విన్సర్ మెకే అనే అమెరికా చిత్రకారుడు, జర్మను జలాంతర్గామి ముంచేసిన లూసిటేనియా ఓడ గురించి ఒక చిన్న ఫిల్ము గీశాడు. బిడ్డతో సహా మునిగిపోయే తల్లి బొమ్మ ఉంది అందులో. అదేమీ పిల్లల్ని ఆడించడానికి గీసింది కాదు. తరవాత వచ్చిన బెట్టీ బూప్ అనే వగలాడి బొమ్మకి 1934లో సినిమా నీతినియమాల పట్టు బిగిసేసరికి గౌను పొడుగు చేయవలసివచ్చింది. బొమ్మకి గౌను దించడమేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది గాని, చూసేవాళ్లు పెద్దవాళ్లు కాబట్టే ఆ బెడద! మన పిల్లలందరికీ తెలిసిన టామ్ అండ్ జెర్రీ 1940లో మొదలై, అసలు సినిమాకి ముందు హాలు నిండా ఉన్న పెద్దాచిన్నా అందరికీ కలిపి వేసిన ఆట. దానికి 7 ఆస్కారు బహుమతులు వచ్చాయి.

మరి మధ్యలో ఏం జరిగింది? కోర్టు తీర్పూ, టెలివిజనూ కలిసివచ్చాయి. పెద్ద సినిమాతోపాటు చిన్న ఫిల్ముల్ని కూడా కట్టగా హాళ్లకి అంటగట్టే పద్ధతిని 1948లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో చిన్న ఫిల్ముకి రాబడి తగ్గిపోయింది. జనం ఇళ్లలో టెలివిజను ముందు కూర్చున్నారు. 1957లో ఎం.జి.ఎం. వారు కార్టూను విభాగం మూసేశారు. టామ్ అండ్ జెర్రీ తీసిన హానా, బార్బరా ఇద్దరూ సొంత దుకాణం పెట్టుకుని టెలివిజనుకి చవగ్గా తీయడం నేర్చారు. వాళ్ల బొమ్మలకి మెడలో కాలరో, టైయో ఎందుకుంటుందో తెలుసా? మొండెం కదలకుండా తలకాయ మాత్రం మార్చి గీస్తే అతుకు కనపడకుండా! పొదుపంటే అదీ.

వాళ్లు తీసిన 'ఫ్లింట్‌స్టోన్స్' 1960 సెప్టెంబరులో మొదలైనప్పుడు రాత్రి భోజనాలవేళ, పెద్దవాళ్ల కోసమే వచ్చింది. మొదట్లో దాన్ని పోషించినవారు విన్‌స్టన్ సిగరెట్లవారు. అందులో బొమ్మ మొగుళ్లు ఇద్దరూ దర్జాగా సిగరెట్టు కాలుస్తూ ప్రకటనలిచ్చారు! అయిదారేళ్లు తిరగకుండానే కార్టూన్లన్నిటినీ శనివారం ఉదయానికి నెట్టేశారు. అప్పుడు చూసేది పిల్లలు. ప్రకటనలు చక్కెర అటుకులవీ, ఆటవస్తువులవీ. సరుకు అమ్మేవాడు ఎన్నుకున్న వేళని బట్టి ఒక కళకి వయస్సు కట్టేశారన్నమాట. ఆ శనివారాల్లో పెరిగిన పిల్లలే రేపటి తల్లిదండ్రులు. కార్టూనంటే పిల్లలదని వాళ్లు నమ్మారంటే నమ్మరూ?

ఈ నమ్మకం పెద్దవాళ్లకి ఒక మంచి వస్తువు దూరం చేస్తుంది, అంతేగా అని ఊరుకోవడానికి లేదు. నష్టం పిల్లలకి కూడా. 1978లో ఇంగ్లండులో 'వాటర్‌షిప్ డౌన్' అనే కుందేళ్ల సినిమా వచ్చింది. కుందేళ్లని చూసి మురిసి తల్లులు పిల్లల్ని తీసుకెళ్లారు. తెరమీద కుందేళ్లు ఒకదాన్నొకటి రక్తాలు కారేలా చీల్చుకుంటాయి, కలుగుల్లో ఊపిరాడక చస్తాయి. దానికి సెన్సారువారు అన్ని వయస్సులవారూ చూడవచ్చునని 'యు' ముద్ర వేశారు. గీసిన బొమ్మలు గనుక నిజమైన భీభత్సం అనిపించదని వాళ్ల లెక్క. బొమ్మే గదా! దశాబ్దాల తరబడి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. చివరికి 'యు' తీసేసి, పెద్దలు చూసుకుని చూపించవలసినదిగా మార్చిన సంగతి 2023లో బయటికొచ్చింది. ఒక తరం కాదు, రెండు తరాల పిల్లలు ఈలోపల జడుసుకున్నారు. చిత్రమేమిటంటే, అదే సెన్సారువారు 1938లో డిస్నీ 'స్నోవైట్'కి, మంత్రగత్తె భయంకరంగా ఉందని, పెద్దలు వెంట ఉండాలన్న 'ఎ' ముద్ర వేశారు. నలభై ఏళ్లలో పెద్దల కళ్లు ముందుకి పోయాయా, వెనక్కి పోయాయా?

జపానులో దారి వేరయింది. అక్కడా మొదట్లో పిల్లలకోసమే. తెజుక ఒసాము గీసిన 'ఇనప కుర్రాడు ఆటమ్' 1963 జనవరి 1న టెలివిజనులో మొదలైంది. కాని అక్కడ బొమ్మల కథల పుస్తకాలు చదివిన కుర్రాళ్లు పెద్దయ్యాక కూడా చదవడం మానలేదు. ఆడవాళ్లకి వేరు, ఆఫీసు ఉద్యోగులకి వేరు పత్రికలు వెలిశాయి. 1974లో 'యమాతో' అనే అంతరిక్ష నౌక కథ టెలివిజనులో వచ్చింది. అదే వేళకి వేరే చానల్లో మన తకహతగారి 'హైడీ' వస్తుండడంతో 'యమాతో' చతికిలబడింది. కాని దాన్నే 1977లో సినిమాగా విడుదల చేస్తే కాలేజీ కుర్రాళ్లు రాత్రంతా హాళ్లముందు వరస కట్టారు. 1969లో మొదలైన 'సజాయె-సాన్' అనే ఇల్లాలి కథని ఆదివారం సాయంత్రం ముసలీముతకా పిల్లాజెల్లా కూచుని చూస్తారు, ఈనాటికీ ఆగలేదది.

అలాగని జపానులో పెద్దలందరూ బొమ్మలకి నీరాజనాలు పట్టారనుకోకండి. ఎదిగిన మనిషి బొమ్మల పిచ్చిలో పడితే వాణ్ణి 'ఒతకు' అని ఎగతాళి చేశారు. 1989లో పసిపిల్లల్ని చంపిన ఒక హంతకుడి గదిలో వేలకొద్దీ వీడియో కేసెట్లు దొరకడంతో ఆ ఎగతాళి కాస్తా అనుమానంగా మారింది. బయటిదేశాల్లో ఇంకో వింత: మొన్నటిదాకా పిల్లలదన్నవాళ్లే, 1988 నాటి 'అకీరా' లాంటి నెత్తురు సినిమాలు చూసి, అనిమే అంటే అంతా హింస, బూతు అన్నారు. అక్కడ పిల్లల సినిమా ఉంది, పెద్దల సినిమా ఉంది, చెత్త కూడా బోలెడుంది. మన మామూలు సినిమాల్లో లేదూ?

పిల్లలకని చెప్పి పెద్దల కథని కత్తిరించడం మరీ ఘోరం. మియజాకి 1984లో తీసిన 'నౌసికా'ని అమెరికావారు ఇరవై నిమిషాలకి పైగా కోసి, పేరు మార్చి, వేరే సినిమాలాగా అమ్మారు. ఆ దెబ్బ ఘిబ్లీవారు మరిచిపోలేదు. 'రాకుమారి మోనోనోకె'ని అమెరికాకి ఇవ్వవలసి వచ్చినప్పుడు వాళ్ల నిర్మాత అక్కడి పంపిణీదారుకి ఒక జపాను కత్తి కానుకగా ఇచ్చాడు. కోతలు పెట్టవద్దన్న సందేశంతో! కత్తెరకి జవాబు కత్తి. సినిమా కోతలేకుండానే ఆడింది.

అమెరికాలో ఇప్పుడు పెద్దల కార్టూన్లు లేవా అంటే, ఉన్నాయి. 1989 డిసెంబరులో మొదలైన 'సింప్సన్స్' ఇంకా నడుస్తూనే ఉంది. 1992లో సాక్షాత్తూ అధ్యక్షుడు బుష్, అమెరికా కుటుంబాలు ఆ సింప్సన్ల మాదిరిగా ఉండకూడదని ఉపన్యాసంలో సెలవిచ్చాడు. దేశాధ్యక్షుడు పనిగట్టుకుని తిట్టడాన్ని మించిన గౌరవం ఏ బొమ్మకి దక్కుతుంది! అయినా చిన్నచూపు పోలేదు. 2022 ఆస్కారు సభలో బొమ్మల సినిమాకి బహుమతి ప్రకటించేముందు వేదికమీద పలికిన కబుర్లన్నీ పిల్లలు వాటిని మళ్లీ మళ్లీ చూడడం గురించీ, ఆ రొద భరించే తల్లిదండ్రుల గురించీ! ఆ రాత్రి ఆ పోటీలో నిలిచిన అయిదింటిలో ఒకటి డెన్మార్కు నుంచి వచ్చిన 'ఫ్లీ'. అఫ్ఘానిస్తాను నుంచి పారిపోయి వచ్చిన ఒక కాందిశీకుడి నిజమైన కథ అది. ముఖం చూపిస్తే అతనికి చిక్కు గనుక, ఆ ముఖాన్ని బొమ్మగా గీశారు. ఏ తల్లి తన బిడ్డకి దాన్ని వందసార్లు వేసి చూపిస్తుంది?

మన మాటకొద్దాం. 1983లో మన దేశానికి వచ్చిన సాకో యూగో అనే జపానాయన రామాయణం మీద మనసుపడి, దాన్ని బొమ్మలుగా తీయాలనుకున్నాడు. ఇంతటి పవిత్రగాథని కార్టూను చేస్తారా అని ఇక్కడినుంచి అభ్యంతరాలు లేచాయి. చివరికి ఆయన మన రామ్‌మోహన్‌గారిని తోడు తీసుకుని జపానులోనే పూర్తి చేశాడు. 1992లో తయారైన ఆ చిత్రం తెలుగు మాటలతో మన హాళ్లకి వచ్చేసరికి 2025 జనవరి అయింది.

ఆ అభ్యంతరం విన్నప్పుడల్లా నాకు మన తోలుబొమ్మలాట గుర్తుకొస్తుంది. మేకతోలు మీద రంగులద్ది, వెనక దీపం పెట్టి, తెల్లవార్లూ మన వాళ్లు ఆడించినది ఆ రామాయణమే గదా! రాముడి బొమ్మ తెరమీదికి రాగానే ఊరంతా లేచి దణ్ణం పెట్టేది. మధ్యమధ్య కేతిగాడూ, బంగారక్కా వచ్చి చెప్పే మోటు ముచ్చట్లు ముమ్మాటికీ పెద్దలకే. పిల్లలు అప్పటికి తల్లి ఒళ్లో నిద్రపోయేవారు.

2025 జులైలో 'మహావతార్ నరసింహ' తెలుగులో వచ్చినప్పుడు నేను వెళ్లాను. బొమ్మల సినిమాకి ఇంతమంది పెద్దవాళ్లు రావడం మా ఊళ్లో నేనెన్నడూ చూడలేదు. నా పక్క సీటులో ఒక ముసలావిడ, ఆవిడ పక్కన ఏడెనిమిదేళ్ల మనమడు. స్తంభం పగిలి స్వామి బయటికొచ్చి హిరణ్యకశిపుణ్ణి తొడమీద వేసుకునేసరికి కుర్రాడు కళ్లు మూసుకుని ఆవిడ కొంగులో తలదూర్చాడు. ఆవిడ రెండు చేతులూ జోడించే ఉంది, చెంపలమీద కన్నీళ్లు. తెరమీంచి చూపు తిప్పకుండానే, "భయమెందుకురా నాన్నా, బొమ్మే గదా!" అంది.