యంత్రానికి వింజామర

ఉద్దేశం: పాత కారు ఇంజనును చల్లబరచే ఫ్యానును శుభ్రపరచి, తిరిగి రంగు వేసే పద్ధతిని తెలపడం, పైమెరుగు కంటే లోని దృఢత్వం ముఖ్యమని విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠం ఉద్దేశం.

రాజాస్థానాలలో సింహాసనానికి ఇరువైపులా నిలిచి వింజామరలు వీచే పరిచారకులు ఉండేవారు. ఆ సేవ వల్ల ప్రభువు వైభవం ఇనుమడించేది. ఒక దినం అది ఆగినా రాజ్యానికి వచ్చే హాని ఏమీ లేదు. మోటారు కారు ఇంజనుకు గాలి వీచే ఫ్యాను సంగతి అట్లా కాదు. అది అలంకారం కాదు, ప్రాణావసరం. రేడియేటరు వెనుక దాగి ఉండే ఈ చిన్న పరికరం పనిచేయకపోతే, నిలిచిన కారులో నీరు మరిగి, ఇంజను వేడెక్కి, సిలిండరు పైభాగం వంకరపోయే ప్రమాదం ఉన్నది.

హైదరాబాదు నగరంలో పాత కార్లు అనగానే చౌమహల్లా ప్యాలెస్ గుర్తుకు వస్తుంది. నిజాం ప్రభువుల కోసం తయారైన 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును అక్కడ సందర్శకులు చూడవచ్చు. అటువంటి రాజవాహనాలు కొన్నే. సామాన్యుల జ్ఞాపకాలలో నిలిచిన పాత కారు అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును ఆధారం చేసుకొని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కోల్‌కతా సమీపంలోని ఉత్తర్‌పారాలో 1950వ దశకం చివరినుండి 2014 వరకు దీనిని తయారుచేసింది. మంత్రులు, కలెక్టర్లు, వైద్యులు, అద్దెకార్ల డ్రైవర్లు అందరూ ఒకనాడు ఈ కారులోనే ప్రయాణించారు. నేడు అది అభిరుచి గలవారి ఇళ్లలో వారసత్వ సంపదగా మిగిలి ఉన్నది.

ఇటువంటి వాహనాలకు చట్టం కూడా గుర్తింపునిచ్చింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నిబంధనల ప్రకారం యాభై సంవత్సరాలు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అయితే వాహనం తన మూలరూపంలోనే ఉండాలి. చెప్పుకోదగిన మార్పులు జరిగి ఉండరాదు. కావున పాత ఫ్యానును తీసి పారవేసి కొత్తదానిని బిగించడం కంటే, ఉన్నదానిని కాపాడుకోవడమే ఉత్తమమని యజమానులు భావిస్తారు. ఆ కాపాడే విధానంలో వివేకం అవసరం.

ముందుగా ఫ్యాను చేసే పనిని తెలుసుకోవాలి. పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో సుమారు నాలుగోవంతు మాత్రమే కారును నడపడానికి ఉపయోగపడుతుంది. మిగిలినదానిలో అధికభాగం వేడిగా మారి, కొంత పొగగొట్టం ద్వారా, కొంత ఇంజను చుట్టూ తిరిగే నీటి ద్వారా బయటకు పోతుంది. ఆ వేడినీరు రేడియేటరులోని సన్నని గొట్టాలలో ప్రవహిస్తున్నప్పుడు, వాటి మధ్యనుండి వీచే గాలి దానిని చల్లబరుస్తుంది. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే చాలును. నెమ్మదించినప్పుడు గాలిని లోనికి లాగే బాధ్యత ఫ్యానుదే. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన మెర్సిడెస్ కారులో తేనెపట్టు వంటి రేడియేటరును, దాని వెనుక ఒక ఫ్యానును అమర్చారు. తరువాతి కార్లు చాలావరకు ఆ మార్గాన్నే అనుసరించాయి.

పాత అంబాసిడర్ కారులో ఫ్యాను నీటిపంపు పుల్లీకి బిగించి ఉంటుంది. ఇంజను తిరిగితే బెల్టు తిరుగుతుంది. బెల్టు తిరిగితే పంపు, ఫ్యాను, డైనమో మూడూ తిరుగుతాయి. ఈ ఏర్పాటులో ఒక లోపం ఉన్నది. ఇంజను వేగం తగ్గితే ఫ్యాను వేగమూ తగ్గుతుంది. అనగా గాలి అత్యవసరమైన సమయంలోనే అది మందగిస్తుంది.

ఈ లోపం సైబరాబాదు రహదారులపై స్పష్టంగా బయటపడుతుంది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల రూపురేఖలు మారిపోయాయి. రాళ్లగుట్టల నడుమ ఆకాశహర్మ్యాలు వెలిశాయి. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన వచ్చినా, కార్యాలయాల వేళలలో హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ కూడళ్ల వద్ద వాహనాలు నత్తనడక నడుస్తూనే ఉంటాయి. మే నెలలో నలభై డిగ్రీల ఎండలో, అద్దాల మేడల మధ్య నిలిచిన పాత కారుకు ఎదురుగాలి ఉండదు. ఫ్యాను నిమిషానికి వెయ్యి చుట్లయినా తిరగదు. పక్కన నిలిచిన కొత్త కారులోనైతే విద్యుత్ ఫ్యాను నీటివేడిని బట్టి తనంతట తానే పూర్తి వేగంతో తిరుగుతుంది. పాత కారుకు ఆ సౌకర్యం లేదు. కావున దానికి ఉన్న ఒక్క ఫ్యానూ లోపరహితంగా ఉండాలి.

ఫ్యానుకు ముప్పు మూడు విధాలుగా వస్తుంది. ఇంజను నుండి చిమ్మే నూనెతుంపరలు, రోడ్డు దుమ్ము కలిసి రెక్కలపై జిడ్డుగా పేరుకుంటాయి. వానకాలపు తేమకు తుప్పు పుడుతుంది. ఏళ్ల తరబడి కలిగే అదురు వల్ల రెక్కల మొదళ్లలో, రివెట్ల చుట్టూ సన్నని పగుళ్లు ఏర్పడతాయి. మొదటి రెండూ కంటికి కనబడతాయి. మూడవది కనబడదు, అదే ప్రాణాంతకమైనది.

ఫ్యానును ఊడదీసే ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ముఖంపై చిమ్ముతుంది. పిదప బ్యాటరీ తీగను తప్పించి, డైనమో బోల్టులను వదులుచేసి, బెల్టును తీయాలి. రేడియేటరు సన్నని పలకలకు దెబ్బ తగలకుండా దానికీ ఫ్యానుకూ మధ్య ఒక అట్టముక్కను నిలబెట్టాలి. ఫ్యాను ముందువైపు ఏదో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి బిగిస్తే రెక్కల వంపు తారుమారై, గాలిని లాగే శక్తి బాగా తగ్గిపోతుంది.

జిడ్డును వదలగొట్టడానికి కిరసనాయిలు, గట్టి కుచ్చు గల బ్రష్షు చాలును. ఈ పనిని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. పెట్రోలును ఎంతమాత్రం వాడరాదు. ఆ తరువాత సబ్బునీటితో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాలి. రివెట్లతో అతికిన పలకల మధ్య నీరు మిగిలితే, తుప్పు లోపలినుండే మొదలవుతుంది. తుప్పును తీగల బ్రష్షుతోను, ఎమరీ కాగితంతోను తీయాలి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది కనుక పొడిగా గీకక, తడిపి రుద్దాలి. ముక్కుకు, నోటికి రక్షణ ఉండాలి. బోల్టు వాషర్ల కింద చెదరకుండా మిగిలిన పాత రంగు ఏదో ఈ దశలోనే గమనించాలి. ఆ ఫ్యానుకు మొదట వేసిన రంగును అది తెలుపుతుంది.

ఇప్పుడు రంగు వేయాలని చేయి తహతహలాడుతుంది. నిగ్రహం వహించవలసిన ఘట్టం ఇదే. రంగుకు ముందు పరీక్ష జరగాలి. పూర్వం కర్మాగారాలలో అనుసరించిన ఒక సులభమైన పద్ధతి ఉన్నది. ఫ్యానును కొంతసేపు కిరసనాయిలులో నానబెట్టి, తీసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. పిదప మెత్తని సుద్దపొడిని రెక్కల మొదళ్లపై పలుచగా అద్ది, తేలికగా తట్టి వేచి ఉండాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరసనాయిలు ఊరి, తెల్లని సుద్దపై తడిగీతగా బయటపడుతుంది. ఈ పరీక్షకు అందని సూక్ష్మమైన పగుళ్లను పట్టుకోవడానికి నేడు ఎర్రరంగు ద్రవంతో చేసే పరీక్షలు ఉన్నాయి. రివెట్లను కూడా ఒక్కొక్కటిగా పరీక్షించాలి. రెక్క కదిలినా, తట్టినప్పుడు బొంగురు శబ్దం వచ్చినా అది వదులైనదని అర్థం.

పగిలిన ఫ్యానును వెల్డింగుతో అతికి వాడరాదు. వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న లోహం గుణం మారి, అక్కడే మరల పగులుతుంది. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం గల ఫ్యాను నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే, దాని రెక్కల కొసలు గంటకు సుమారు 170 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. ఆ వేగంలో ఊడిన రెక్క రేడియేటరును చీల్చగలదు. బానెట్ ఎత్తి వంగి చూస్తున్న మెకానిక్కు ప్రాణాన్నే తీయగలదు. ఎంత అపురూపమైన పాత వస్తువైనా, పగిలినదానిని గోడకు తగిలించుకోవాలి గాని ఇంజనుకు తగిలించరాదు. దాని స్థానంలో అదే నమూనాకు చెందిన దృఢమైన ఫ్యానును సికింద్రాబాదు రాణిగంజ్ వంటి విడిభాగాల బజారులో వెదకడం మేలు.

పరీక్షలో నెగ్గిన ఫ్యానుకే రంగు. మొదట తుప్పును నిరోధించే రెడ్ ఆక్సైడ్ ప్రైమరును పలుచగా వేసి ఆరనివ్వాలి. దానిపై అసలు రంగును రెండు పలుచని పూతలుగా వేయాలి. ఒకేసారి దట్టంగా వేస్తే రంగు జారి ఒక రెక్క అంచున ముద్దకడుతుంది. మెరుపు కోసం కొందరు క్రోమియం పూత వేయిస్తారు. ఆ పనిలో వాడే ఆమ్లం అతుకులలో మిగిలి లోహాన్ని తినివేస్తుంది. పైగా పూత కింద పాత పగుళ్లు మరుగునపడతాయి.

రంగు ఆరిన తరువాత సమతౌల్యాన్ని చూడాలి. ఫ్యాను నడిమి రంధ్రంలో నునుపైన కడ్డీని దూర్చి, ఆ కడ్డీని సమమట్టంగా ఉన్న రెండు అంచులపై ఉంచి, నెమ్మదిగా తిప్పి వదలాలి. ప్రతిసారీ ఒకే రెక్క అడుగున వచ్చి ఆగితే ఆ వైపు బరువు అధికమని తెలుస్తుంది. బంగారం తూచే తక్కెడ వంటిదే ఈ పరీక్ష. కేంద్రానికి పదిహేను సెంటీమీటర్ల దూరంలో పది గ్రాముల బరువు ఎక్కువైతే, మూడువేల చుట్ల వేగంలో అది సుమారు పదిహేను కిలోల బరువుతో సమానమైన బలంగా మారి, సెకనుకు యాభైసార్లు దిక్కు మార్చుకుంటూ నీటిపంపు బేరింగును లాగుతుంది. బేరింగు అరిగితే నీరు కారుతుంది. నీరు కారితే ఇంజను కాగుతుంది. లోపం కనబడితే నిపుణుడైన పనివానిచేత సరిచేయించాలి. తోచినట్లు ఆకురాయితో అంచులను అరగదీస్తే, ఆ గీతలే రేపటి పగుళ్లు అవుతాయి.

చివరగా ఫ్యానును గుర్తు ప్రకారం నిలిపి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. బెల్టును పొడవైన భాగం నడుమ వేలితో నొక్కితే సుమారు అర అంగుళం వంగాలి. అంతకంటే బిగువైతే బేరింగుకు చేటు. వదులైతే జారిపోయి ఫ్యాను మందగిస్తుంది. ఇంజను నడిపే ముందు ఫ్యానును చేతితో తిప్పి, అది దేనికీ తగలడం లేదని నిర్ధారించుకోవాలి. ఇంజను నడుస్తున్నప్పుడు రెక్కల వరుసకు ఎదురుగా ఎవరూ నిలబడరాదు.

‘పైన పటారం, లోన లొటారం’ అని మన పెద్దలు అన్నారు. రంగు లోపాన్ని కప్పగలదు గాని తొలగించలేదు. కడగడం, పరీక్షించడం, ఆ తరువాతనే అలంకరించడం అనే క్రమాన్ని పాటించిన పనివాడు వాహనాన్నీ, అందులో ప్రయాణించేవారినీ కాపాడినవాడవుతాడు. పాత వస్తువును గౌరవించడమంటే దాని లోపాన్ని దాచడం కాదు; దాని నిజస్థితిని తెలుసుకొని తగినరీతిగా సేవించడం.

కఠిన పదాలకు అర్థాలు

వింజామర = చామరం, గాలి విసిరే సాధనం
ఇనుమడించు = రెట్టింపు అగు
ఆకాశహర్మ్యం = చాలా ఎత్తైన భవనం
నిగ్రహం = అదుపు
సమతౌల్యం = అన్నివైపులా బరువు సమానంగా ఉండటం
ఆకురాయి = లోహాన్ని అరగదీసే పనిముట్టు

ప్రశ్నలు

1. పాత కారు ఫ్యానును శుభ్రపరచి రంగు వేసే క్రమాన్ని వివరించండి.
2. సైబరాబాదు రహదారులపై పాత కారు ఫ్యానుకు ఎదురయ్యే ఇబ్బంది ఏమిటి?
3. సుద్దపొడి పరీక్షను గురించి తెలపండి.
4. ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెత ఈ పాఠానికి ఎట్లా వర్తిస్తుంది?