తెర వెనుక సూత్రములు



మన ఉప్పాడలో జాందానీ నేయు నేతగాడు బూటాను ముందుగా గళ్ల కాగితముపై గీసికొని, ఆ లెక్కను బట్టి పడుగులో అదనపు పేకను చేతితో చొప్పించును. కాగితముపై గీత యొక్కటే. చీరపై బూటాలు పెక్కు. గీతలో ఒక గడి తప్పెనా, ఆ తప్పు చీర నిండను పాకును. నేటి ప్రసంగ విషయము నిట్టిదే.

2019 అక్టోబరు 2వ తేదీన కాకినాడ చెంతనున్న కరపలో గ్రామ సచివాలయముల వ్యవస్థ ప్రారంభమైనది. పింఛనుకై, ధ్రువపత్రమునకై మనము పోయినప్పుడు అచ్చట కనబడునది కంప్యూటరు ముఖము మాత్రమే. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరమీదను, ఆడించు చేయి తెర వెనుకను ఉండునట్లు, అర్జీని పరీక్షించి లెక్క వ్రాయు పని దూరముననున్న యంత్రములలో జరుగును. ఆ యంత్రములను నడపు వ్రాతను కోడు అందురు. అందు పదేపదే పనికివచ్చు చిన్న తునకలు కలవు. చిరకాలము బాలురకు వ్యాకరణము చెప్పిన నాకు అవి సూత్రములవలె తోచినవి: ఒకమారు రచించినది వేయి ప్రయోగములకు అన్వయించును. అట్టివి మూడు వివరించెదను.

మొదటిది పరీక్ష. ఆధార్ సంఖ్యలో 12 అంకెలు కలవు. కడపటిది తక్కిన 11 అంకెలనుండి లెక్కగట్టి తెచ్చినది. ఈ పద్ధతిని వెర్హూఫ్ అను డచ్చి గణితజ్ఞుడు 1969లో ప్రకటించెను. ఒక అంకె తప్పు పడినను, ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తారుమారైనను లెక్క సరిపడదు. సూత్రమిది: “లెక్క సరిపడనిచో అర్జీని లోనికి రానీయకుము; సంఖ్య తప్పని చెప్పి మరల అడుగుము.” అయితే సంఖ్య నిర్దుష్టమై యుండియు వేరొకరిది కావచ్చును. కావున పేరును, ఇతర వివరములను వేరుగా సరిచూడవలెను.

రెండవది ఉభయసిద్ధి. దీనిని ట్రాన్సాక్షన్ అందురు. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. ఆ కాలపు భృతి మత్స్యకారుని ఖాతాలో పడవలెనన్నచో, ఒకచోట సొమ్ము తగ్గవలెను, వేరొకచోట చేరవలెను. నడుమ విద్యుత్తు పోయినచో గతి యేమి? సూత్రమిది: “తగ్గింపుము, చేర్చుము, రెండును నెరవేరినచో ముద్ర వేయుము, ఏది తప్పినను రెంటిని రద్దుచేసి పూర్వస్థితికి తెమ్ము.” ఒకే చిట్టాలో ఇది చక్కగా సాగును. రెండు బ్యాంకుల నడుమనైనచో ఉభయుల చిట్టాలను సరిచూచి, చేరని సొమ్మును వెనుకకు మరలింపవలెను. తగ్గిన సొమ్ము తిరిగి వచ్చుటకు ఒక్కొక్కప్పుడు దినములు పట్టుట ఇందుచేతనే.

మూడవది పునరుక్తి నివారణము. జవాబు రాలేదని గుమాస్తా మీటను రెండవమారు నొక్కుట కలదు. మొదటి నొక్కుతోనే సొమ్ము పోయి, జవాబు మాత్రమే దారిలో చిక్కియుండవచ్చును. సూత్రమిది: “ప్రతి కోరికకు ఒక సంఖ్య నిమ్ము, ఆ సంఖ్య చిట్టాలో ఇదివరకే యున్నచో మరల చెల్లింపక, పాత జవాబునే చెప్పుము.” ఒకే సంఖ్య చిట్టాకు రెండవమారు ఎక్కరాదను కట్టడి కూడ ఉండవలెను, లేనిచో ఒక్క క్షణమున వచ్చిన రెండు కోరికలును లోనికి చొరబడును.

ఈ తునకలను నేటి యువకులు ఒకరిది చూచి యొకరు ఎత్తివ్రాసికొందురు. అది దోషము కాదు; బూటా గీతయు నట్లే చేతులు మారును గదా. అర్థమెరుగక ఎత్తివ్రాయుటయే దోషము. తప్పు సూత్రము ఒకచోట కుదిరినచో, దానిని వాడు కార్యాలయములన్నిట అదే తప్పు మొలచును. భృతి రాని ఇల్లు ఏ ఊరిదైనను కావచ్చును. కావున తప్పు సంఖ్య నిచ్చియు, నడుమ పని నాపియు, మీటను రెండుమార్లు నొక్కియు ముందే పరీక్షింపవలెను. మీ యిండ్లలో ఈ విద్య నేర్చు మనుమలున్నచో ఈ మాట చెప్పుడు.

మీరు చేయదగినదియు కలదు. అర్జీ యిచ్చినప్పుడు రసీదు సంఖ్యను తప్పక వ్రాసికొనుడు. “యంత్రము ఒప్పుకొనలేదు” అన్నచో ఏ పరీక్షలో తప్పినదో అడుగుడు. మొదటి అర్జీ గతి తెలియనిదే రెండవది పెట్టకుడు.

స్వస్తి.